తాళం తీయించండి: విశ్వవిద్యాలయ గ్యాలరీ గురించి పాలక మండలికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఉపకులపతి గారికి, రిజిస్ట్రార్ గారికి, పాలక మండలి సభ్యులకు, ఉన్నత విద్యా శాఖ అధికారులకు నమస్కారాలు.

నేను మన విశ్వవిద్యాలయం ఫైన్ ఆర్ట్స్ విభాగంలో ఉన్న గ్యాలరీకి క్యూరేటర్‌ని, అంటే అక్కడి కళాఖండాల సేకరణను చూసుకునే మనిషిని. తొమ్మిదేళ్లుగా కాంట్రాక్టు మీద ఈ పని చేస్తున్నాను. ఇప్పుడు చెప్పబోయే విషయం మీద పోయిన వానాకాలం నుంచి మీకు అయిదు లేఖలు ఇచ్చాను. మూడింటిని ఇన్‌వార్డులో ముద్ర వేయించి ఇచ్చాను, రెండు నేరుగా మీ చేతికే ఇచ్చాను. ఒక్కదానికీ జవాబు రాలేదు. ఫైలు ఎక్కడుందని అడిగితే ఇంజనీరింగ్ సెక్షన్‌లో ఉందన్నారు. అక్కడికి వెళితే ఫైనాన్స్‌కి పంపామన్నారు. ఫైనాన్స్‌లో అసలు అలాంటి ఫైలే రాలేదన్నారు. లోపల చెప్పుకునే దారులన్నీ అయిపోయాక నలుగురూ చదివేలా రాస్తున్నాను.

విశ్వవిద్యాలయం పేరు ఇక్కడ రాయడం లేదు. పరువు తీయాలన్న ఉద్దేశం నాకు లేదు. చదివింది ఇక్కడే, అన్నం పెడుతున్నదీ ఇదే. పైగా ఇలాంటి పరిస్థితి మన ఒక్క క్యాంపస్‌లోనే లేదని వేరే చోట్ల పనిచేసే మిత్రులతో మాట్లాడినప్పుడల్లా తెలుస్తోంది.

ముందు జరిగింది చెబుతాను.

మన గ్యాలరీ సేకరణలో ఆరు వందలకు పైగా కళాఖండాలున్నాయి. ఏటా జరిగే వార్షిక ప్రదర్శనల్లో విశ్వవిద్యాలయం కొన్నవి కొన్ని. పాత విద్యార్థులు, అధ్యాపకులు ఇచ్చిన పెయింటింగులు, ఎచింగ్‌లు, లినోకట్‌లు (రేకు మీద గానీ లినోలియం మీద గానీ బొమ్మ చేసి కాగితం మీద అచ్చు తీసే ప్రింట్లు) కొన్ని. వీటితో పాటు చేర్యాల నకాషి పటాలు, శ్రీకాళహస్తి కలంకారీ గుడ్డలు, మేక తోలుతో చేసిన బొమ్మలాట బొమ్మలు ఉన్నాయి. ఒక తనిఖీ బృందం వస్తోందని, పెద్ద హాలు కావాలని, రెండు రోజుల్లో గ్యాలరీ ఖాళీ చేయాలని ఆదేశం వచ్చింది. ఆ రెండు రోజులూ నేను ఊళ్లో లేను. విద్యార్థులను తీసుకుని ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో ఉన్నాను. తోలుబొమ్మలు చేసే కుటుంబాల దగ్గర తోలు ఎలా శుభ్రం చేస్తారో, చిల్లులు ఎలా కొడతారో, రంగు ఎలా పులుముతారో పిల్లలు నేర్చుకుంటున్నారు. ఇక్కడ అదే సమయంలో మన కళాఖండాలన్నిటినీ ట్రాక్టరులో వేసి ఫైన్ ఆర్ట్స్ భవనం వెనక ఉన్న స్టోర్ రూమ్‌కి చేర్చారు.

మోసినవాళ్లు హౌస్ కీపింగ్ కార్మికులు. వాళ్ల తప్పు ఇందులో ఏమీ లేదు. ఫ్రేమును ఎలా పట్టుకోవాలో చెప్పే మనిషి పక్కన లేడు, మధ్యలో పెట్టడానికి థర్మాకోల్ షీటు కూడా ఇవ్వలేదు. వాళ్లలో ఒకామె విరిగిన గాజు ముక్కలు బొమ్మ మీద పడకుండా తన కొంగుతో దులిపిందని తర్వాత తెలిసింది. ఆమెకు ఈ లేఖలో కృతజ్ఞత చెప్పుకోవాలి.

ఆ స్టోర్ రూమ్ గోడకు అవతలి పక్క బాత్‌రూమ్‌లు ఉన్నాయి. పైపు ఎక్కడో లీకవుతోంది. గోడ మీద సున్నం ఉబ్బి పొరలుగా రాలుతోంది. కిటికీకి ఒక అద్దం లేదు. తనిఖీ బృందం వచ్చి వెళ్లింది. హాలు తర్వాత పరీక్షల విభాగానికి ఇచ్చారు, ఆ తర్వాత ఉద్యోగ మేళాకు ఇచ్చారు. వానాకాలం వచ్చింది, పోయింది. బొమ్మలు ఆ గదిలోనే ఉన్నాయి. తాళం చెవి ఇంజనీరింగ్ సెక్షన్‌లో ఉంది. నేను లోపలికి వెళ్లాలంటే ప్రతిసారీ అర్జీ పెట్టుకోవాలి. ఇన్ని నెలల్లో రెండే రెండు సార్లు వెళ్లగలిగాను.

రెండోసారి వెళ్లినప్పుడు చూసింది చెప్పాలి. చేర్యాల పటాల్లో పెద్దదాన్ని నాలుగు మడతలు పెట్టి ఇనప బీరువా మీద పడేశారు.

ఆ పటం గురించి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే మడత పెడితే ఏమవుతుందన్నది దాన్ని ఎలా చేస్తారో తెలిస్తేనే అర్థమవుతుంది. నకాషి కళాకారులు ఖాదీ గుడ్డ తీసుకుంటారు. గంజి, సుద్దమట్టి, ఉడికించిన చింతగింజల అంబలి, జిగురు కలిపి దాని మీద పూస్తారు. ఒక పూత ఆరాక ఇంకో పూత. అప్పుడది గుడ్డలా కాక గోడలా తయారవుతుంది. ఆ నున్నటి పూత మీద బ్రష్‌తో గీతలు గీసి, ఎర్రటి నేల పరిచి, మనుషులను, దేవుళ్లను, గుర్రాలను నింపుతారు. పటాన్ని నిలువుగా వేలాడదీసి, ఒక్కో వరుసా విప్పుకుంటూ రాత్రంతా కథ చెబుతారు. పద్మశాలీలకు కూనపులి వాళ్లు మార్కండేయ పురాణం చెప్పేది ఇలాంటి పటం చూపించే. చుట్ట చుడితే ఆ పూత ఓర్చుకుంటుంది, తరతరాలుగా దాన్ని చుట్టే మోసుకెళ్లారు. మడత పెడితే ఓర్చుకోదు. మడత పడ్డచోట సుద్ద పగిలి రంగుతో పాటు రాలిపోతుంది. మన పటంలో నాలుగు మడతల వెంట తెల్లటి గీతలు పడ్డాయి. ఒక గీత సరిగ్గా ఒక స్త్రీమూర్తి ముఖం మీదుగా వెళ్లింది.

కథ చెప్పే కుటుంబాల్లో పాత పటం చిరిగి పనికిరాకుండా పోతే కొత్తది గీయించుకున్నాక పాతదాన్ని ఊరికే పారేయరు. మనిషికి చేసినట్టు మర్యాద చేసి ఏట్లో కలుపుతారు. నేను ఈ మాట విద్యార్థులకు చాలాసార్లు చెప్పాను. ఆ రోజు స్టోర్ రూమ్‌లో నిలబడి అదే గుర్తొచ్చి ఏడుపొచ్చింది.

ఇక మిగతావి. ఎచింగ్‌లు, లినోకట్‌లు ఉన్న కాగితాల మీద బూజు మచ్చలు కనిపించాయి. గాలిలో తేమ 65 శాతం దాటి అలాగే ఉంటే బూజు పట్టడం మొదలవుతుంది. ఆ గదిలో తేమ ఎంతుందో కొలవడానికి మీటరు కావాలని కూడా నా లేఖల్లో అడిగాను. అది కొన్ని వందల రూపాయల్లో వస్తుంది. చివరికి నేనే కొని తీసుకెళ్లి చూశాను, 81 చూపించింది. కాగితం అంచుల్లో రామబాణం పురుగులు తిన్న గుర్తులున్నాయి. రెండు తోలుబొమ్మల చేతుల దగ్గర చిన్న చిన్న రంధ్రాలు ఉన్నాయి. అవి కళాకారుడు కొట్టిన చిల్లులు కావు. కలంకారీ గుడ్డల మీద అద్దం లేని కిటికీ నుంచి మధ్యాహ్నం ఎండ నేరుగా పడుతోంది. కలంకారీలో నలుపు ఇనుము, బెల్లం ఊరబెట్టిన కసిమి నుంచి వస్తుంది, ఎరుపు పటిక పట్టించిన గుడ్డ మీద మొక్కల వేళ్ల రంగు నుంచి వస్తుంది. ఇవి కొంత గట్టివి. కరక్కాయ నుంచి, పూల నుంచి వచ్చే పసుపు మాత్రం ఎండకు ముందే వెలిసిపోతుంది. అందుకే ఇలాంటి గుడ్డలకూ కాగితాలకూ మ్యూజియంలలో 50 లక్స్ (వెలుతురును కొలిచే లెక్క) మించి వెలుతురు పెట్టరు. ఆ కిటికీలో పడేది దానికి ఎన్నో వందల రెట్లు.

"రోజూ గ్యాలరీకి ఎంతమంది వస్తారు? హాలు ఖాళీగానే ఉంటోంది కదా" అని ఒక సమావేశంలో నన్ను అడిగారు. అడగదగిన ప్రశ్నే. క్యాంపస్‌లో గదుల కొరత నిజం. అధ్యాపక పోస్టులు ఖాళీగా ఉన్న మాట నిజం. పరీక్షల విభాగం వాళ్లు వరండాల్లో జవాబు పత్రాల కట్టలు కట్టుకోవడం నేనూ చూశాను. హాలు కావాలని అడిగినవాళ్లను తప్పు పట్టను. కానీ రోజుకు ఎంతమంది వస్తారన్న లెక్కన గ్యాలరీని తూచితే, లైబ్రరీలో తాళపత్రాల గదికి ఎంతమంది వస్తున్నారని కూడా అడగాల్సి వస్తుంది. అక్కడికి వచ్చే ఒక్క మనిషి కోసమే ఆ తాళపత్రాలు వందల ఏళ్లు ఆగాయి.

క్యూరేటర్ అంటే బొమ్మలు గోడకు తగిలించే మనిషి అని చాలామంది అనుకుంటారు. తగిలించడం ఏడాదిలో ఇరవై రోజుల పని. మిగతా రోజుల్లో ప్రతి కళాఖండానికీ నంబరు ఇచ్చి, ఫొటో తీసి, కొలతలు రాసి, ఎవరి దగ్గర నుంచి ఏ షరతు మీద వచ్చిందో నమోదు చేయాలి. ఆరు నెలలకోసారి తీసి చూసి కొత్తగా పగుళ్లు వచ్చాయా, మచ్చలు పడ్డాయా అని రాయాలి. బయట ప్రదర్శనకు పంపితే వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ పరిస్థితి రాసి ఇద్దరి సంతకాలు తీసుకోవాలి. బొమ్మ పక్కన పెట్టే చీటీని తెలుగులో రాయాలి. అది అన్నిటికన్నా కష్టమైన పని. నాలుగు వాక్యాల్లో, ఎనిమిదో తరగతి పిల్లకీ ప్రొఫెసరుకీ ఇద్దరికీ పనికొచ్చేలా రాయాలంటే ఒక్కోసారి వారం పడుతుంది.

నేను చేరినప్పుడు నాకు అప్పగించింది రెండు రిజిస్టర్లు. మొదటిది చక్కటి చేతిరాతతో కొన్నేళ్లు సాగి ఒక చోట ఆగిపోయింది. రెండోదాంట్లో వరుస నంబర్లే లేవు. మధ్యలో ఎవరు చూసుకున్నారో, ఎవరు ఎవరికి చార్జ్ అప్పగించారో కాగితం లేదు. మన క్యాంపస్‌లో ప్రతి కుర్చీ వెనకా పెయింటుతో నంబరు ఉంటుంది. ఏటా స్టాక్ తనిఖీ జరుగుతుంది, ఒక కుర్చీ తగ్గితే సంజాయిషీ అడుగుతారు. బొమ్మలకు ఆ మాత్రం లెక్క కూడా లేదు. తొమ్మిదేళ్లలో నేను 412 కళాఖండాల వివరాలు పూర్తిచేశాను. మిగతావి చేస్తుండగానే హాలు ఖాళీ చేయించారు. ఇప్పుడు ఏదైనా కనిపించకుండా పోతే, పోయిందని నిరూపించడానికి కూడా మన దగ్గర ఆధారం ఉండదు. నాకు రాత్రిళ్లు నిద్ర పట్టనివ్వని టెన్షన్ ఇదే.

విశ్వవిద్యాలయాలకు ఇదంతా ఎందుకని అనేవాళ్ల కోసం ఒకటి రెండు విషయాలు. కలకత్తా విశ్వవిద్యాలయం 1937లోనే అశుతోష్ మ్యూజియం పెట్టుకుంది. రాయ్ కృష్ణదాస్ 1920లో మొదలుపెట్టిన భారత్ కళా భవన్‌ను బనారస్ హిందూ విశ్వవిద్యాలయం 1950లో తనలో కలుపుకుంది.  మన దగ్గర రాజమండ్రిలో చిత్రకారుడు దామెర్ల రామారావు 1925లో, మశూచితో, 28 ఏళ్లు నిండకుండానే చనిపోయారు. ఇవాళ మనం ఆయన బొమ్మల ముందు నిలబడగలుగుతున్నామంటే అది ఆయన భార్య సత్యవాణి గారు, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ గారు, స్నేహితుడు వరదా వెంకటరత్నం గారు వాటిని చెల్లాచెదురు కానివ్వకపోవడం వల్లే.  అదే ఊళ్లో ఆయన పేరు మీద గ్యాలరీ నిలబడింది. ఆ బొమ్మలే ఎవరింట్లోనో అటక మీద ఉండిపోయుంటే తెలుగువాళ్ల ఆధునిక చిత్రకళ గురించి మనం రాసుకునే మొదటి అధ్యాయంలో ఖాళీ పేజీలుండేవి.

ఇప్పుడు ఈ నిర్లక్ష్యం ఎవరి మీద పడుతోందో చెబుతాను. పాలక మండలి ముఖ్యంగా ఈ భాగం చదవాలని కోరుతున్నాను.

1. ముందుగా మన విద్యార్థుల మీద. ఫైన్ ఆర్ట్స్‌లో చేరే పిల్లల్లో ఎక్కువమంది పల్లెల నుంచి, చిన్న పట్టణాల నుంచి వస్తారు. సైన్‌బోర్డులు రాసే తండ్రుల పిల్లలు, వినాయక విగ్రహాలు చేసే ఇళ్ల పిల్లలు ఉన్నారు. వాళ్లు ఢిల్లీ, ముంబయి వెళ్లి మ్యూజియంలు చూడలేరు. మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టి బరోడాలో చదివిన లక్ష్మాగౌడ్ గారి ఎచింగ్‌లు వాళ్లు ఫోనులోనే చూశారు. ఫోనులో గీత కనిపిస్తుంది. రేకు అంచు తడి కాగితంలోకి దిగి చేసిన గుంట కనిపించదు, సిరా కాగితం మీద ఎంత ఎత్తున నిలబడిందో కనిపించదు. మన దగ్గరున్న పాత విద్యార్థుల ప్రింట్లను నేను టేబుల్ మీద పరిచి, పక్క నుంచి దీపం పట్టి చూపించేదాన్ని. రెండో ఏడాది చదివే ఒక అబ్బాయి ఒక ప్రింటును అరగంట సేపు అలాగే వంగి చూసి, "మేడమ్, దీన్ని ఇద్దరు తీశారు, ఒకరు సిరా తుడిచారు, ఇంకొకరు ప్రెస్ తిప్పారు" అన్నాడు. ఎలా చెప్పావంటే ఒక మూలనున్న వేలి ముద్ర చూపించాడు. పాఠ్యపుస్తకంలో దొరకని చదువు అది. ఈ ఏడాది చేరిన బ్యాచ్ ఇప్పటిదాకా సేకరణలోని ఒక్క అసలు బొమ్మ కూడా చూడలేదు. వాళ్లు ఫీజు మాత్రం మామూలుగానే కట్టారు.

2. బొమ్మలు ఇచ్చినవాళ్ల మీద. మనకు చాలా కళాఖండాలు డబ్బు తీసుకోకుండా ఇచ్చారు. కళాకారులు చనిపోయాక, ఇల్లు అమ్ముకునే పరిస్థితిలో కూడా వాటిని బజారుకు పంపకుండా విశ్వవిద్యాలయం అయితే భద్రంగా ఉంటుందని మన చేతిలో పెట్టిన కుటుంబాలున్నాయి. రెండు నెలల కింద ఒకావిడ చాలా దూరం నుంచి బస్సులో వచ్చారు. వాళ్ల నాన్నగారి పెయింటింగ్ మన దగ్గర ఉంది. మనవడికి చూపిద్దామని తీసుకొచ్చారు. గ్యాలరీలో ఉద్యోగ మేళా జరుగుతోంది. తాళం చెవి కోసం నేను ఇంజనీరింగ్ సెక్షన్‌కి వెళితే సంబంధిత ఉద్యోగి సెలవులో ఉన్నారన్నారు. ఆవిడ మధ్యాహ్నం దాకా మెట్ల మీద కూర్చుని, "పోనీలేమ్మా, మళ్లీ వస్తాం" అని వెళ్లిపోయారు. వస్తారో రారో నాకు తెలియదు. ఆ బొమ్మ ఇప్పుడు ఏ స్థితిలో ఉందో చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

3. బడి పిల్లల మీద. చుట్టుపక్కల ప్రభుత్వ పాఠశాలల నుంచి శనివారాలు పిల్లలు వచ్చేవారు. టిక్కెట్టు లేదు. తోలుబొమ్మ వెనక దీపం పెట్టి నీడ చూపిస్తే వాళ్ల ముఖాలు చూడాల్సిందే. అది ఆగిపోయింది.

4. చిన్న ఉద్యోగుల మీద. గ్యాలరీ అటెండర్లు ఇద్దరూ ఔట్‌సోర్సింగ్ వాళ్లు. ఒకాయన పద్నాలుగేళ్లుగా ఉన్నారు. ఏ ఫ్రేముకు ఏ మేకు పడుతుందో, ఏ బొమ్మకు వాన రోజుల్లో చెమ్మ వాసన వస్తుందో నాకు నేర్పింది ఆయనే. హాలు తీసేశాక ఆయన్ను గేటు దగ్గర వేశారు. రేపు బొమ్మలు పాడయ్యాయని విచారణ జరిగితే కింది ఉద్యోగుల సంతకాలే ముందు వెతుకుతారు. అందుకే ఇప్పుడే రాసి పెడుతున్నాను. ఖాళీ చేయమన్న ఆదేశం పై నుంచి వచ్చింది, ఆ కాగితం నకలు నా దగ్గర ఉంది.

5. ఇవ్వబోయేవాళ్ల మీద. తన దగ్గరున్న పాత ప్రింట్లు మనకే ఇస్తానని మాటిచ్చిన ఒక పెద్ద కళాకారుడు ఈ సంగతి విని వెనక్కి తగ్గారు. ఆయన్ను ఒప్పించడానికి నా దగ్గర మాట లేదు.

చట్టం సంగతి కూడా మీ దృష్టికి తేవాలి. అమర్‌నాథ్ సెహగల్ అనే శిల్పి ఢిల్లీలోని విజ్ఞాన్ భవన్ కోసం పెద్ద కంచు మ్యూరల్ (గోడకు అమర్చే శిల్పం) చేశారు. 1979లో భవనానికి మరమ్మతులంటూ ఆయనకు చెప్పకుండానే దాన్ని ఊడదీసి స్టోర్‌లో పడేశారు. ముక్కలైంది, కొన్ని భాగాలు పోయాయి. ఆయన కోర్టుకు వెళ్లారు. 1957 నాటి కాపీరైట్ చట్టంలోని 57వ సెక్షన్ ప్రకారం, కృతిని అమ్మేసినా దాన్ని ఛిన్నాభిన్నం చేస్తే అడ్డుకునే హక్కు సృష్టికర్తకు ఉంటుందని 2005లో ఢిల్లీ హైకోర్టు తీర్పు చెప్పింది. మిగిలిన మ్యూరల్‌ను ఆయనకు తిరిగి ఇచ్చేయమని, 5 లక్షల రూపాయలు పరిహారం కట్టమని కేంద్ర ప్రభుత్వాన్ని ఆదేశించింది. మన స్టోర్ రూమ్‌లో ఉన్నవాటిలో బతికున్న కళాకారుల పనులు చాలా ఉన్నాయి. ఇది బెదిరింపుగా తీసుకోవద్దు. విశ్వవిద్యాలయం కోర్టు మెట్లెక్కే రోజు రాకూడదనే ఈ తీర్పు మీ ముందు పెడుతున్నాను.

"అన్నీ ఫొటోలు తీసి ఆన్‌లైన్‌లో పెడితే సరిపోతుంది కదా" అన్న సూచన కూడా వచ్చింది. ఫొటోలు తీయాలి, తప్పకుండా తీయాలి. మ్యూజియంల కోసం కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ తయారుచేసిన జతన్ సాఫ్ట్‌వేర్ మనమూ వాడుకోవచ్చని రెండేళ్ల కిందే రాశాను. కానీ ఫొటో తీయడానికైనా బొమ్మ ఉండాలి, బొమ్మ దగ్గరికి వెళ్లడానికి తాళం చెవి ఉండాలి.

మా కోరికలు ఇవి. ఫైన్ ఆర్ట్స్ విద్యార్థులతో, అధ్యాపకులతో, అందుబాటులో ఉన్న పాత విద్యార్థులతో మాట్లాడాకే రాస్తున్నాను.

1. పదిహేను రోజుల్లోపు అన్ని కళాఖండాలనూ ఆ స్టోర్ రూమ్ నుంచి పొడిగా, గాలి ఆడే గదికి మార్చాలి. మార్చేటప్పుడు నేను, ఒక అధ్యాపకుడు, ఒక పాత విద్యార్థి అక్కడ ఉండాలి. ప్రతి వస్తువునూ ఫొటో తీశాకే కదపాలి. పటాలను వెడల్పాటి గొట్టాలకు చుట్టాలి, ప్రింట్ల మధ్య ఆమ్లం లేని కాగితం పెట్టాలి. మార్చడానికి మా పీజీ విద్యార్థులు ముందుకొచ్చారు, కూలీ ఖర్చు ఉండదు.

2. బూజు పట్టినవాటిని, పగిలిన పటాన్ని ఇక్కడ ఎవరూ తడిగుడ్డతో తుడవకూడదు, టేపు అంటించకూడదు. లక్నోలో 1976 నుంచి పనిచేస్తున్న జాతీయ పరిరక్షణ ప్రయోగశాలకు గానీ, హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలోని పరిరక్షణ విభాగానికి గానీ అధికారికంగా లేఖ రాసి నిపుణులను పిలిపించాలి. పటం విషయంలో చేర్యాల నకాషి కళాకారులను కూడా అడగాలి. ఆ పూత పని చేతులారా తెలిసింది వాళ్లకే.

3. ఆరు నెలల్లో రిజిస్టర్ పూర్తి కావాలి. ప్రతి పేజీ మీద ఇద్దరి సంతకాలు ఉండాలి. ఒక నకలు లైబ్రరీలో, ఎవరైనా అడిగి చూసుకునేలా పెట్టాలి. కుర్చీలకు జరిగినట్టే ఏటా బొమ్మలకూ తనిఖీ జరగాలి.

4. ఏ కళాఖండం పాడైందో గుర్తించాక, ఇచ్చిన కళాకారులకు, వాళ్ల కుటుంబాలకు విశ్వవిద్యాలయం తరఫున లేఖ రాయాలి. జరిగింది దాచకుండా చెప్పి క్షమాపణ కోరాలి.

5. గ్యాలరీ హాలును గ్యాలరీగానే నోటిఫై చేయాలి. క్యూరేటర్ రాతపూర్వక సమ్మతి లేకుండా మరో పనికి కేటాయించకూడదు. పరీక్షల విభాగానికి హాలు ఎక్కడ దొరుకుతుందో వెతకడంలో మేమూ సాయపడతాం. పాత హాస్టల్ మెస్ పక్కనున్న రెండు గదులు ఏళ్లుగా మూసే ఉన్నాయి, ఒకసారి చూడండి.

6. క్యూరేటర్ పోస్టును రెగ్యులర్ పోస్టుగా మంజూరు చేసి, నోటిఫికేషన్ ఇచ్చి, అర్హులను తీసుకోవాలి. ఇది నాకోసం అడగడం లేదు. ఇంటర్వ్యూలో నాకన్నా మంచివాళ్లు వస్తే వాళ్లకే ఇవ్వండి, నేను చార్జ్ లిస్టు రాసి సంతోషంగా అప్పగిస్తాను. ఏటేటా రెన్యువల్ కోసం ఎదురుచూసే మనిషి ఆదేశాన్ని వద్దని చెప్పలేడు. ఆ రెండు రోజుల్లో నేను ఊళ్లోనే ఉన్నా ఆపగలిగేదాన్నో లేదో నిజంగా తెలియదు. ఆ పోస్టుకు ఆపే అధికారం ఉండాలి.

7. కేంద్ర సాంస్కృతిక శాఖ మ్యూజియంలకు ఇచ్చే గ్రాంటు పథకాన్ని పరిశీలించి, మనకు వీలుంటే దరఖాస్తు చేయాలి. ఆ ప్రతిపాదన రాసే పని నేను చేస్తాను.

ఇందులో వెంటనే పెద్ద డబ్బు అవసరమయ్యేది ఏదీ లేదు. మొదటి అయిదింటికీ కావలసింది ఒక సర్క్యులర్, ఒక పొడి గది, పని చేయనిచ్చే అనుమతి.

కళాకారులకు, పాత విద్యార్థులకు కూడా ఒక మాట. మీరు విశ్వవిద్యాలయానికి బొమ్మ ఇచ్చి ఉంటే, ఇచ్చినప్పుడు తీసుకున్న రసీదు గానీ, ఉత్తరం గానీ, ప్రదర్శనలో దిగిన ఫొటో గానీ వెతికి దాని నకలు విభాగానికి పంపండి. ఆగిపోయిన రిజిస్టర్‌లో ఖాళీలు పూరించడానికి అవి చాలా పనికొస్తాయి. వేరే విశ్వవిద్యాలయాల్లో పనిచేస్తున్న మిత్రులు మీ స్టోర్ రూములు కూడా ఒకసారి తీసి చూడండి.

గౌరవనీయులైన పాలక మండలి సభ్యులకు చివరిగా ఒక విన్నపం. వచ్చే సమావేశం ఎజెండాలో ఈ విషయం చేర్చండి. సమావేశానికి ముందు పది నిమిషాలు ఆ గదికి రండి. సోమవారం నుంచి రోజూ ఉదయం పది గంటలకు నేను స్టోర్ రూమ్ తలుపు దగ్గర ఉంటాను. తేమ మీటరు, టార్చిలైటు, 412 నంబర్ల దాకా రాసిన రిజిస్టర్ నా చేతిలో ఉంటాయి. తాళం చెవి మీరు తెప్పించండి.

భవదీయురాలు,
గ్యాలరీ క్యూరేటర్ (కాంట్రాక్టు),
ఫైన్ ఆర్ట్స్ విభాగం